మేజరు మెరక

2023 జూన్. రోహిణి కార్తె వెళ్లిపోయింది కానీ తన ఎండని మా దగ్గరే మర్చిపోయి వెళ్లింది. కడియం దగ్గర మా నర్సరీలో షేడ్ నెట్ కింద, ఖాళీ గోనె సంచుల మీద నడుం వాల్చి, ఫోను మోగకపోతే బాగుండునని చూస్తున్నాను. నర్సరీ నడుపుతానంటే పై ఊళ్లవాళ్లు నన్ను ఎల్కేజీ మాస్టారనుకుంటారు. మా ఊళ్లలో నర్సరీ అంటే మొక్కలే. అందులోనూ నాది గడ్డి వ్యాపారం. డబ్బు కోసం గడ్డి తినేవాళ్ల గురించి అందరూ వినే ఉంటారు. గడ్డి కోసం డబ్బు పెట్టేవాళ్లు కూడా లోకంలో ఉండబట్టి ఇన్నేళ్లుగా మా ఇంట్లో పొయ్యి వెలుగుతోంది.

లాన్ వెయ్యడం అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం ఒక మాట. గడ్డిని ముందు చేలో పెంచుతాం. వేళ్లతో, పలచటి మట్టి పొరతో సహా చాపముక్కల్లా కోస్తాం. వాటిని మ్యాట్లు అంటాం. ఇంటి దగ్గర నేల తవ్వి, పాత మట్టి తీసేసి, ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి పోసి, నీళ్లు నిలవకుండా కాస్త వాలు ఇచ్చి, మ్యాట్లు పరిచి రోలర్ తిప్పుతాం. చెప్పడానికి నాలుగు వాక్యాలు. చెయ్యడానికి రెండు మోకాళ్లు. నావి రెండూ ఈ వృత్తికే ఇచ్చేశాను.

ఫోను మోగనే మోగింది. భీమవరం నుంచి సత్యనారాయణరాజు గారు. చాలా ఏళ్లు రొయ్యల చెరువులు చేసిన మనిషి. వరసగా రెండు పంటలు వైరస్ తినేస్తే చెరువులు ఇంకొకరికి లీజుకి ఇచ్చేసి, టౌనులో కట్టుకున్న కొత్త ఇంట్లోకి మారిపోయారు.

“మూర్తి గారాండీ? కుక్క పడుకునే గడ్డి ఏదైనా ఉందాండీ మీ దగ్గర?”

“కుక్క కోసమని ప్రత్యేకంగా ఉండదండీ రాజు గారూ. ఎవరు పడుకున్నా ఏమీ అనని గడ్డి ఉంది.”

“ఆయ్, అదే పట్రండి.”

వెళ్లి చూశాను. గేటు దగ్గర్నుంచి పెరటి గోడ దాకా ఎక్కడా నేల కనపడదు. ముందంతా పార్కింగ్ టైల్స్, వరండా నల్ల గ్రానైటు, పక్కసందులో కూడా టైల్సే. పెరట్లో ఒక్క ముక్క మాత్రం, ఇంకా ఏం చెయ్యాలో తేలక, ఖాళీగా వదిలారు. గ్రానైటు మీద నా మొహం నాకు కనపడింది. అంత తీరిగ్గా చూసుకోవాల్సిన మొహం కాదు కాబట్టి పక్కకి తిరిగాను. కారు కింద నీడలో ఒక పెద్ద కుక్క పడుకుని ఉంది. గోధుమరంగు, తెల్లబడిన మూతి, దూడంత ఒళ్లు. దాని పేరు మేజరు. చెరువు గట్టు మీద పుట్టి, గట్టు మీద పెరిగి, రొయ్యల దొంగల్నీ నీటికాకుల్నీ తరిమి, రాజు గారితోపాటే రిటైరైంది.

“మోచేతులు చూడండి,” అన్నారు రాజు గారు. ముందరి కాళ్ల మోచేతుల దగ్గర చర్మం ఏనుగు తోలులా మొద్దుబారింది. ఎడమవైపున అది పగిలి పుండు పడింది. కట్టు కట్టి ఉంది. బరువైన కుక్కలు గట్టి నేల మీద పడుకుంటే ఎముకకీ నేలకీ మధ్య చర్మం నలిగిపోతుందనీ, మెత్తటి చోట పడుకుంటే తప్ప ఏ మందూ పని చెయ్యదనీ పశువుల డాక్టరు గారు చెప్పారట. పుండు కీలులోకి దిగితే కాలు తీసెయ్యాలట. ఆ వయసులో, ఆ ఒంటితో, మూడు కాళ్ల మీద మేజరు ఎన్నాళ్లో బతకడని కూడా చెప్పారట.

“పరుపు వెయ్యలేకపోయారాండీ?”

లోపల్నుంచి జవాబు వచ్చింది. రాజు గారి భార్య లలిత గారు. “పరుపు వేశామండి, చింపాడు. గోనె వేశామండి, నోటితో లాక్కెళ్లి గేటు దగ్గర పెట్టొచ్చి మళ్లీ రాయి మీదే పడుకున్నాడు. చెరువు పోయింది, రొయ్య పోయింది, మిగిలింది ఈ మహారాజు గారేనండి మాకు.”

మాట అలా ఉంది గానీ, ఆవిడ చేతిలో దూది, అయోడిన్ సీసా ఉన్నాయి. కట్టు మార్చేది ఆవిడేనని తర్వాత తెలిసింది.

పెరట్లో ఉన్న ఆ ఖాళీ జాగాలో మెక్సికన్ గ్రాస్ వేద్దామన్నాను. సన్నటి ఆకు, దట్టంగా అల్లుకుంటుంది, అరికాలికి దూదిలా ఉంటుంది. తవ్వి చూస్తే కింద అంతా నల్లటి బంకమట్టి. దాని మీద వేస్తే వేళ్లు కుళ్లిపోతాయి. అందుకని మూరెడు లోతు తీయించి, వెనక గోడ మూలన గుట్టగా పోయించాను. “మా సూరిబాబు ట్రాక్టరు వేసుకొచ్చి ఎత్తుకెళ్తాడండి,” అని చెప్పాను. నా వృత్తిలో ఈ వాక్యానికి కాలం ఉండదు. అది భవిష్యత్తులో మొదలై భవిష్యత్తులోనే ఉంటుంది.

గడ్డి బాగానే పట్టింది. కానీ మేజరు దాని మీద పడుకోలేదు. రాజు గారు ఫోన్ చేస్తే వెళ్లి చూశాను. రోజూ ఉదయం సాయంత్రం పైపు పెట్టి గడ్డిని ఊడ్పు చేనులా తడిపేస్తున్నారు. “అంత నీళ్లు వద్దండీ,” అంటే, “నీళ్లకేం కరువండీ మనకి?” అన్నారు. గోదావరి కాలవల కింద పుట్టినవాళ్లం అందరం అలాగే అంటాం. పచ్చగా ఉన్నదాన్ని చూస్తే నీళ్లు పొయ్యకుండా చెయ్యి ఊరుకోదు. మేజరుకి మాత్రం తడి అక్కర్లేదు. జీవితమంతా నీళ్ల పక్కన బతికినవాడికి నీళ్ల మీద మోజు ఉండదు కాబోలు. గడ్డి అంచు దాకా వచ్చి, వాసన చూసి, చెరువు చుట్టూ తిరిగినట్టు చుట్టూ తిరిగి, కారు కిందకి వెళ్లిపోయాడు. తెల్లవారుజామున మాత్రం గడ్డి మీదకి వెళ్తాడట. ఎందుకో లలిత గారు చెప్పారు.

“లక్షణంగా బాత్రూం కట్టించారండి మా మేజరుకి. పచ్చటి బాత్రూం.”

నేను నవ్వాను. ఆ ఎండలో కడియం నుంచి అంత దూరం వెళ్లి విన్న మాటకి నవ్వకపోతే ఏడవాలి.

తర్వాత ఇసుక. గోదావరి ఇసుక జల్లించి, తూర్పు గోడ పక్కన మంచం అంత మేర పోయించాను. సాయంత్రం అయ్యేసరికి మేజరు కుక్కపిల్ల అయిపోయాడు. తవ్వాడు, వెల్లకిలా పడి దొర్లాడు, ఎక్కడిదో కొబ్బరి డొక్క తెచ్చి పాతిపెట్టి, తనకే తెలియనట్టు మళ్లీ వెతుక్కున్నాడు. రాజు గారు నవ్వుతుంటే చూశాను. ఆ మనిషి నవ్వడం నాకు అదే మొదటిసారి. కానీ ఆట అయ్యాక మేజరు ఒళ్లు దులుపుకుని తిన్నగా వెళ్లి గ్రానైటు మీద పడుకున్నాడు. పగలు ఆ ఇసుక పెనంలా కాలుతుంది, వానపడితే చెమ్మెక్కుతుంది. ఆడుకునే నేల వేరు, పడుకునే నేల వేరు. మనం మాత్రం క్రికెట్ ఆడిన చోట మంచం వేసుకుంటామా? ఇంత చిన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టకపోవడానికి కారణం, నేను క్రికెట్ ఆడింది తక్కువ, మంచం ఎక్కింది ఎక్కువ.

మూడోది కొబ్బరి పొట్టు. పీచు తీసేటప్పుడు రాలే గోధుమరంగు పొడి. మా నర్సరీలో కుండీలకి వాడతాం. మెత్తన అంటే దానిదే మెత్తన. ఒక మడి కట్టి నింపాను. మేజరు దయతలిచి ఒక పూట పడుకున్నాడు కూడా. కానీ ఆ పొడి ఎక్కడ తడి కనపడితే అక్కడ అంటుకుంటుంది. కట్టు కిందకి దూరి పుండుకి పట్టేసింది. డాక్టరు గారు ఫోనులో నన్ను, నా పొట్టుని కలిపి తిట్టారు. పొట్ట కోసం చేసే పనిలో పొట్టు దగ్గర పడిపోయానని ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను. ఆవిడ నవ్వలేదు. “మోకాళ్లకి నూనె రాసుకుని పడుకోండి,” అంది.

ఈలోపు లలిత గారి దగ్గర్నుంచి వేరే ఫోన్లు. నమస్కారం కూడా ఉండదు.

“మూర్తి గారూ, మట్టి.”

“రేపు పంపిస్తానండీ.”

“మీ రేపులు మా క్యాలెండర్లో లేవండి. మీ మట్టి మాత్రం మా పెరట్లో ఉంది. వాడు దాని మీదకి ఎక్కడం, ఇల్లంతా అడుగులు పెట్టడం, నేను దించి కట్టెయ్యడం. రోజూ ఇదేనండి పని.”

వినేవాణ్ణి. ఒకసారి సూరిబాబు ట్రాక్టరుకి టైరు పోయింది, ఒకసారి సూరిబాబుకి జ్వరం, ఒకసారి నాకే ఓపిక లేదు. ఆవిడ చెప్పినదాంట్లో “మట్టి” ఒక్కటే నా చెవికెక్కింది. మిగతాది నేను అడగకుండానే నాకు దొరికిన సమాధానమని అప్పుడు తెలియలేదు.

జులై సగానికి పుండు లోతైంది. కీలు దాకా ఇంక ఎంతో లేదన్నారు డాక్టరు గారు. ఆ సాయంత్రం నేను ఇసుక, పొట్టు తిరిగి ఎత్తించుకుపోదామని వెళ్తే, వరండాలో మొగుడూ పెళ్లాం మాట్లాడుకుంటున్నారు. నన్ను చూసి కూడా ఆపలేదు. పని చేసీ చేసీ నేను ఆ ఇంట్లో గోడలాంటివాణ్ణి అయిపోయాను.

“చెరువు దగ్గరికే పంపేద్దామండీ,” అంటున్నారు లలిత గారు. “లీజుకి తీసుకున్నవాళ్లు ఉంచుకుంటామంటున్నారుగా. అక్కడైతే పడుకుంటాడు.”

“అక్కడ కట్టు మార్చేదెవరు?”

“ఇక్కడ మారుస్తుంటే మానుతోందా?”

రాజు గారు మేజరు వీపు మీద చెయ్యి వేసి, గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. చెరువుల దగ్గర్నుంచి ఆయన తెచ్చుకున్నది ఆ కుక్క ఒక్కటే. మిగతావన్నీ అక్కడే మునిగాయి. ఆదివారం వ్యాను మాట్లాడదామని చివరికి ఆయనే అన్నారు. నేను ఏదో ఒకటి అనాలి కాబట్టి, “శనివారం సూరిబాబుని తీసుకొచ్చి ఆ మట్టి కూడా ఎత్తించేస్తానండీ,” అన్నాను. ఓదార్పులో నాకంత నేర్పు లేదు.

శనివారం నిజంగానే వెళ్లాం. ఆ విషయం సూరిబాబే నమ్మలేకపోయాడు. ట్రాక్టరు వెనక సందులో పెట్టి, కూలీలు పారలు తీసుకుని లోపలికి వచ్చేసరికి గుట్ట మీద మేజరు ఉన్నాడు. ఆ గుట్ట చూడ్డానికి ఏమీ లేదు. ఎండి పెళ్లలు పెళ్లలుగా విరిగిన నల్లమట్టి, మధ్యమధ్య టైలు ముక్కలు, గడ్డి వేళ్లు. పైన సరిగ్గా తన ఒంటికి సరిపోయేలా గుంట చేసుకుని, గోడ మీదుగా వచ్చే గాలికి మూతి పెట్టి, కళ్లు మూసుకుని ఉన్నాడు. అక్కణ్ణుంచి చూస్తే పక్కసందు పొడుగునా గేటు కూడా కనపడుతుంది.

“వీడొకడు! మళ్లీ ఎక్కాడు!” అంటూ లలిత గారు గొలుసు పట్టుకుని వచ్చారు. “దిగరా. రేపణ్ణుంచి నీ ఇష్టం వచ్చిన మట్టిలో దొర్లుదువుగాని, దిగు.”

గుట్ట దాకా వచ్చి ఆగిపోయారు. వంగి చూశారు. గొలుసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

“ఏవండీ,” అని పిలిచారు రాజు గారిని. “మోచెయ్యి కింద ఆనట్లేదండీ.”

నేనూ చూశాను. గుంట అంచు మీద భుజం ఆనించి, పుండున్న కాలు వాలు మీదుగా కిందకి చాపుకున్నాడు. బరువంతా రొమ్ము మీద, పక్క మీద. మోచెయ్యి గాలిలో ఉంది. చదునుగా ఉన్న ఏ నేల మీదా, అది ఎంత మెత్తనైనా, అలా పడుకోవడానికి వీలు లేదు. నేను ఇన్నాళ్లూ మెత్తదనం మోసుకొచ్చాను. వాడికి కావలసింది వాలు. గట్టు మీద పెరిగినవాడు గట్టు మీద పడుకున్నట్టు పడుకున్నాడు, అంతే. రోజూ కట్టు విప్పి చూసే మనిషికి కనపడింది గానీ, వాలు కొలిచి డబ్బు తీసుకునే నాకు కనపడలేదు.

“ఎత్తమంటారా, వద్దంటారా అమ్మగారూ?” అని పార మీద గడ్డం ఆనించి అడిగాడు సూరిబాబు.

ఆవిడ ఆ మట్టి వైపు చూశారు. “మీకు తెలీదు మూర్తి గారూ. పదేళ్లు ఆ చెరువు గట్టు మీద రేకుల షెడ్డులో ఉన్నాం. అన్నంలో మట్టి, మంచంలో మట్టి, వానాకాలం వస్తే పాములు. ఒక్కసారైనా మట్టి తొక్కకుండా నడుద్దామని కట్టించుకున్నానండి ఈ ఇల్లు.”

రాజు గారు మెల్లగా అన్నారు. “ఆ మట్టి ఎక్కడిదనుకున్నావు లలితా? సైటు మెరక చేసినప్పుడు మన చెరువు పూడిక తీయించి తోలిందే కదా. ఈ టైల్స్ కింద అంతా అదే.”

మెరక అంటే పల్లంగా ఉన్న చోటు ఎత్తు చెయ్యడం. డెల్టాలో ఇల్లు కట్టే ఎవరికైనా ముందు పడే ఖర్చు అదే. ఆ ముక్క విని లలిత గారు కాళ్ల కింద టైల్స్ వైపు చూసుకున్నారు. తర్వాత నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో తెలియని మొహంతో, “అయితే ఇంక దీన్ని వదిలించుకోవడం మన వల్ల కాదన్నమాట,” అన్నారు. గొలుసు గోడ మీద పడేసి నా వైపు తిరిగారు. “ఉంచండి. కానీ ఒక్క మట్టి అడుగు నా గడప దాటిందంటే, వీడితో పాటు మిమ్మల్ని కూడా ఆ గొలుసుకే కట్టేస్తాను.”

ఆ మట్టిలో తన చెరువు వాసన తగిలే మేజరు గుట్ట ఎక్కాడా అని డాక్టరు గారిని అడిగాను. ఆయన నవ్వి, “వాడు చెప్తే మీకే ముందు చెప్తాను,” అన్నారు. నాకూ తెలియదు. తెలిసినట్టు రాస్తే బాగుంటుంది, కానీ తెలియదు.

ఆ రోజు మిగిలిన పనే నాకు బాగా గుర్తు. గుట్టని విప్పి, టైలు ముక్కలు ఏరి, చెరువు గట్టులా వాలుగా మలిచాం. పైపొరలో ఇసుక, ధాన్యపు ఊక కలిపాం, వానకి జారిపోకుండా. పక్కల్లో, నీడపడే వైపు, మ్యాట్లు పరిచాం. దిగి వచ్చే దారిలో కంకర పోసి, వరండా మెట్టు దగ్గర కొబ్బరి పీచు పట్టా వేశాం, ఆవిడ గడప కోసం. నా ఓటములన్నీ తలో పాలు పడ్డాయి అందులో. పొట్టు ఒక్కటే పడలేదు. పని అవుతున్నంతసేపూ మేజరు మూలన కూర్చుని మేస్త్రీలా చూశాడు. అయ్యాక ఎక్కి, మేం చదును చేసినదంతా తవ్వి పారేసి, తన గుంట తను చేసుకున్నాడు. పనివాళ్లు నన్ను చూశారు. ఇరవై ఏళ్లుగా నా క్లయింట్లంతా చేసేది అదేనని చెప్పాను.

ఆదివారం వ్యాను రాలేదు. పుండు ఒక్కరోజులో మానలేదు. చవితి పోయి దసరా వచ్చేసరికి అంచులు దగ్గరపడ్డాయి. దీపావళికి కట్టు తీసేశారు. అక్కడ వెంట్రుకలు మళ్లీ మొలవలేదు, కాలు ఇప్పటికీ కాస్త ఈడుస్తాడు. కానీ కాలు ఉంది.

ఆ ఏడాది చివర్లో వాయుగుండం పట్టింది. మా నర్సరీలోనే మడులన్నీ మునిగిపోయి, ఏ మొక్క బతుకుతుందో తెలియక తల పట్టుకుని కూర్చున్నాను. వాట్సాప్‌లో ఒక ఫోటో వచ్చింది. లలిత గారి నంబరు. వీధి డ్రైను పొంగి వాళ్ల పెరడంతా నీళ్లు. గడ్డి లేదు, టైల్స్ లేవు. నీళ్ల మధ్య గుట్ట ఒక్కటే తేలి ఉంది. దాని మీద మేజరు పడుకుని ఉన్నాడు. వాడి చుట్టూ కనకాంబరాల కుండీలు, ఒక గ్యాస్ బండ, పక్కింటివాళ్ల గూట్లోంచి తెచ్చి పెట్టిన కోళ్ల బుట్ట. పక్కన లలిత గారు, చీర కుచ్చిళ్లు ఎగదోపి, చెప్పుల్లేకుండా మట్టిలో నిలబడి, వాడికి గొడుగు పట్టి ఉన్నారు. తను పూర్తిగా తడిసిపోయారు. ఫోటో తీసింది రాజు గారు అయ్యుంటారు, కొంచెం వంకరగా వచ్చింది.

కింద రెండు వాక్యాలు. “మీ గడ్డి కనపడట్లేదండి. మా మట్టి ఉంది.”

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. మెరక ఎవరెరుగునో చెప్పలేదు. ఇప్పుడు నాకు తెలుసు.

ఈ కేసు తర్వాత నా పనిలో మారినవి రెండే. ఏ ఇంటికి వెళ్లినా, ఏ గడ్డి కావాలి అని అడగడానికి ముందు, ఆ ఇంట్లో కుక్క ఉంటే అది ఇప్పటికే ఎక్కడ పడుకుంటోందో, ఎక్కణ్ణుంచి దాన్ని రోజూ తోలేస్తున్నారో అడుగుతాను. రెండోది, తవ్విన మట్టి వెంటనే ఎత్తించను. సూరిబాబు దీన్ని బద్ధకం అంటాడు. నేను సైట్ అబ్జర్వేషన్ అంటాను. క్లయింట్లు రెండో పేరుకి ఎక్కువ గౌరవం ఇస్తున్నారు.

మా ఆవిడ నా మోకాళ్లు చూసి మడతమంచం ఒకటి కొని నర్సరీకి పంపింది. మంచి మంచం. షెడ్డులో మడిచే ఉంది. మధ్యాహ్నం అయితే నేను మళ్లీ గోనె సంచుల దగ్గరికే వస్తాను. వాటి మధ్య నా నడుం పట్టేంత గుంట ఎప్పుడు పడిందో తెలియదు. అందులో పడుకుంటే మోకాళ్లు కిందకి వాలి, నొప్పి కొంచెం మర్చిపోతాయి. ఫోను మోగుతోంది. గొలుసు పట్టుకుని ఎవరైనా వచ్చేదాకా నేను దిగను.